బైబిలు కథ కింద నీతి వాక్యం వద్దు, వచన సంఖ్య వేయండి

సంపాదకులకు నమస్కారం.

పత్రికల ఆధ్యాత్మిక పేజీల్లో బైబిలు కథలు తరచూ వస్తున్నాయి. సంతోషమే. కానీ వాటిలో చాలావాటిది ఒకటే మూస. కథ సగానికి కుదించి ఉంటుంది. మూలంలో లేని సంగతులు రెండు మూడు చేరతాయి. చివర "కాబట్టి మనం కూడా" అంటూ ఒక నీతి వాక్యం. అది చదవగానే పాఠకుడు తలూపి పేజీ తిప్పేస్తాడు. ఈ కథలను గుంపుగా కూర్చుని లోతుగా చదివి, చదివినదాన్ని ఆ వారంలోనే చేతల్లో పెట్టాలనుకునేవాళ్లకు ఆ నీతి వాక్యమే పెద్ద అడ్డంకి. ఎందుకో, దాని బదులు ఏం చేయవచ్చో ఇలాంటి బైబిలు స్టడీలు నడిపేవాళ్లుగా వివరంగా రాస్తున్నాం. ఉత్తరం పొడుగైనందుకు మన్నించాలి.

ఈ పద్ధతికి నమూనా బైబిల్లోనే ఉంది. నెహెమ్యా 8వ అధ్యాయం తీసి చూడండి. ఏడో నెల మొదటి రోజున యెరూషలేములో నీటి గుమ్మం ఎదుటి మైదానంలో యాజకుడు, శాస్త్రి అయిన ఎజ్రా ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివాడు. లేవీయులు (ఆలయ సేవ చేసే గోత్రంవాళ్లు) జనానికి అర్థం చెప్పారు. జనం ఏడ్చారు. మన కూడికలు చాలావరకు ఇక్కడే ముగుస్తాయి: మంచి వాక్యం, తడిసిన కళ్లు, ప్రార్థన, ఇళ్లకు ప్రయాణం. అక్కడ మాత్రం ఏమీ సిద్ధం చేసుకోని వాళ్లకు భోజనం పంపమని ఆ రోజే చెప్పారు. మర్నాడు కుటుంబాల పెద్దలు, యాజకులు, లేవీయులు ఎజ్రా దగ్గర మళ్లీ కూర్చున్నారు. ఈసారి కూర్చున్నది చిన్న గుంపు. అప్పుడు పర్ణశాలల్లో నివసించాలన్న ఆజ్ఞ వాళ్ల కంటపడింది. కొండకు వెళ్లి ఒలీవ కొమ్మలు, ఈత కొమ్మలు తెచ్చి ఇళ్ల కప్పుల మీద, ముంగిళ్లలో పర్ణశాలలు కట్టుకున్నారు. మొదటి రోజు పెద్ద సభ కన్నీళ్లు తెప్పించింది. రెండో రోజు చిన్న కూడిక చేతులకు పని చెప్పింది. ఏం తేవాలో, ఎక్కడ కట్టాలో అంతా తేలిపోయింది. గుంపు అధ్యయనం చేరాల్సింది ఈ రెండో రోజుకు.

ఇక పద్ధతి సంగతి. గుంపులో 5 నుంచి 8 మంది ఉండాలి. నలుగురే అయితే ఇద్దరు రాని రోజున కూడిక ఉండదు. ఎనిమిది దాటితే నలుగురు మాట్లాడతారు, మిగతావాళ్లు ప్రసంగం విన్నట్టు వింటారు. పదిమంది అయ్యారంటే రెండు ఐదులుగా విడిపోవాలి. మొహమాటానికి కలిసే ఉంటే ముందుగా మానేసేది నోరు విప్పనివాళ్లే.

ఒక్కో కథకు మూడు వారాలు, వారానికి ఒక కూడిక, కూడికకు గంటన్నర. వారానికో కథ చొప్పున పరిగెత్తే గుంపులు పన్నెండు వారాల్లో పన్నెండు కథలు పూర్తి చేస్తాయి గానీ పన్నెండో వారంలో అడిగితే మూడో కథ ఎవరికీ గుర్తుండదు. నాలుగు కథలు చాలు. మొదటిసారి చేసేవాళ్లకు మార్కు 2:1–12 (పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొచ్చి, జనం అడ్డమైతే ఇంటికప్పు తవ్వి యేసు ముందుకు దించిన కథ), లూకా 10:25–37 (మంచి సమరయుడు: దొంగలు కొట్టి పడేసినవాణ్ణి, యూదులకు పడని సమరయ జాతివాడు ఆదుకున్న కథ), లూకా 19:1–10 (ధనవంతుడైన పన్ను వసూలుదారు జక్కయ్య), ఆఖరున రూతు గ్రంథంలో రెండో అధ్యాయం మంచి వరస. పది పదిహేను వచనాలున్న కథ నోటికి అందుతుంది. రూతు రెండో అధ్యాయం 23 వచనాలు కాబట్టి దాన్ని రెండు ముక్కలు చేసుకుని ఒక వారం అదనంగా తీసుకోవాలి.

మొదటి కూడికలో అన్వయం, అంటే కథను మన బతుకుకు ముడిపెట్టడం, వద్దే వద్దు. ఈ నియమం చాలామందికి మింగుడుపడదు. "మరి మనకేం నేర్పుతోంది?" అని ఎవరో ఒకరు అయిదో నిమిషంలోనే అడుగుతారు. అడగనివ్వండి, జవాబు మాత్రం వచ్చేవారానికి వాయిదా వేయండి. అప్పుడే అన్వయానికి దిగితే బయటికొచ్చేది ఈ కథలోంచి కాదు, ఎప్పుడో విన్న ప్రసంగాల్లోంచి.

కథను మూడుసార్లు బిగ్గరగా చదవాలి, మూడుసార్లూ వేర్వేరు గొంతులతో. మొదటిసారి అందరూ పుస్తకాలు మూసి వినాలి. రెండోసారి పుస్తకం తెరిచి అనుసరించాలి. మూడోసారి వేరే అనువాదం చదవాలి. గ్రాంథికంలో ఉన్న పాత అనువాదానికి అలవాటుపడినవాళ్లకు మాటల లయ తెలుసు గానీ కొన్ని మాటల అర్థం తెలియదు, అడగడానికి సిగ్గుపడతారు. వాడుక భాష అనువాదం పక్కన పెట్టుకుంటే ఆ సిగ్గు పోతుంది. చదవడం రానివాళ్లు గుంపులో ఉంటే అది లోటు కాదు. విని గుర్తుపెట్టుకోవడంలో వాళ్లే మిగతావాళ్లకు దారి చూపిస్తారు.

తర్వాత అసలు పని: పుస్తకాలు మూసి కథ చెప్పడం. ఒకరు మొత్తం చెబుతారు, మధ్యలో ఎవరూ సర్దకూడదు. అయ్యాక మిగతావాళ్లు మూడు సంగతులు చెప్పాలి: ఏం వదిలేశారు, ఏం కలిపారు, ఏం మార్చారు. ఆపైన పుస్తకం తెరిచి సరిచూసుకోవాలి. ఇంకొకరు మళ్లీ చెప్పాలి. దీనికి నలభై నిమిషాలు పట్టినా పట్టనివ్వండి. ఏళ్ల తరబడి వింటున్న కథల్లో మనం ఎంత కలిపేశామో ఇక్కడే తెలుస్తుంది. ఆదికాండం 3వ అధ్యాయంలో ఉన్నది "ఫలం", ఆపిల్ కాదు. యోనాను మింగింది "గొప్ప మత్స్యం", తిమింగలం అని లేదు. మత్తయి 2లో బంగారం, సాంబ్రాణి, బోళం అని మూడు కానుకలున్నాయి గానీ జ్ఞానులు ముగ్గురని ఎక్కడా లేదు. చూడటానికి చిన్న సంగతులే. కానీ లేని ఆపిల్‌ను చూసిన కన్ను ఉన్న మాటను దాటేస్తుంది.

అందుకే వదిలేసిన వాటిని ఇంకా జాగ్రత్తగా చూడాలి. సమరయుడి కథ చెప్పమంటే చాలామంది 30వ వచనం దగ్గర, దొంగలతో మొదలుపెడతారు. 25 నుంచి 29 దాకా ఉన్న ధర్మశాస్త్రోపదేశకుడు మాయమవుతాడు. అతను లేకపోతే అది దారినపోయేవాడికి సాయం చేసిన కథ మాత్రమే. అతనుంటే అది ఒక ప్రశ్నను తిరగేసిన కథ. "నా పొరుగువాడెవడు?" అని అతను గీత ఎక్కడ గీయాలో అడిగాడు. యేసు చివర అడిగింది వేరు: ఆ దారిన వచ్చిన ముగ్గురిలో, యాజకుడు, లేవీయుడు, సమరయుడిలో, ఎవడు పొరుగువాడయ్యాడు? జవాబు చెప్పేటప్పుడు "సమరయుడు" అనే మాట కూడా ఉపదేశకుడి నోట రాలేదు, "జాలి చూపినవాడు" అన్నాడు. నోటితో రెండుసార్లు కథ చెబితే తప్ప ఇది పట్టుబడదు.

కథ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గుంపే తేల్చుకోవాలి. అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలోను, కొత్త నిబంధన వచన సంఖ్యలు 1551లోను వచ్చినవే. రాసినవాళ్లు పెట్టినవి కావు. మార్కు 12:41–44లో బీద విధవరాలు రెండు కాసులు వేసిన కథ ఉంది. కానుకల వేళ ఎన్నిసార్లు విని ఉంటాం! దానికి ముందున్న 40వ వచనం చూడండి. విధవరాండ్ర ఇళ్లు దిగమింగే శాస్త్రుల గురించి హెచ్చరిక. దాని తర్వాత 13:1–2 చూడండి. ఆ ఆలయంలో రాయి మీద రాయి నిలవదన్న మాట. మూడూ కలిపి చదివిన గుంపు "మనం ఇంకా ఎక్కువ ఇవ్వాలి" అన్న దగ్గర ఆగదు. ఆమె చేతిలో చివరి రెండు కాసులే ఎందుకు మిగిలాయి అని కూడా అడుగుతుంది. ఆ రెండో ప్రశ్న నుంచి పుట్టే పని వేరుగా ఉంటుంది.

ఒకే సంఘటన రెండు మూడు సువార్తల్లో ఉంటే ముందు ఒక్కదానికే కట్టుబడండి. పక్షవాయువు గలవాడి కథలో మత్తయి 9 అసలు ఇంటికప్పు ఊసే ఎత్తదు. మార్కు కప్పు తవ్వారంటాడు. లూకా 5 పెంకుల మాట చెబుతాడు. అన్నీ కలిపి ఒకే కథగా వండితే ఎవరు ఏ మాట మీద బరువు పెట్టారో పోతుంది.

రెండో కూడిక ప్రశ్నలకు. వరస ముఖ్యం. ఏం జరిగింది? ఎవరికి ఏం కావాలి? కథ ఎక్కడ మలుపు తిరిగింది? దేవుడు, లేదా యేసు, ఇందులో ఏం అన్నాడు, ఏం చేశాడు? కథ చెప్పినవాడు దేన్ని చెప్పకుండా వదిలాడు? ఈ అయిదూ అయ్యాకే ఆరోది: ఇందులో నేను ఎక్కడ నిలబడి ఉన్నాను? ఎవరు ఏం చెప్పినా నడిపేవారు ఒకటే అడగాలి, "అది ఏ వచనంలో ఉంది?" అని. గద్దింపుగా కాదు, వెతుకుదాం అన్నట్టు. ఈ ఒక్క అలవాటు సగం వాదాలను తగ్గిస్తుంది.

క్రియల జాబితా రాయడం మంచి పనిముట్టు. లూకా 10లో యాజకుడికి మూడే క్రియలు: ఆ దారిన వచ్చాడు, చూశాడు, పక్కగా పోయాడు. లేవీయుడికీ అంతే. సమరయుడికి? వచ్చాడు, చూశాడు, జాలిపడ్డాడు, దగ్గరికి వెళ్లాడు, నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించాడు, పూటకూళ్ల ఇంటికి తీసుకెళ్లాడు, చూసుకున్నాడు, మర్నాడు రెండు దేనారాలు తీసి ఇచ్చాడు, ఇంకేమైనా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానన్నాడు. ఒక కాగితానికి రెండు వైపులా రాసి పెట్టుకుంటే ప్రసంగం అక్కర్లేదు. జాలికీ కట్టుకూ మధ్య ఉన్న "దగ్గరికి వెళ్లాడు" అన్న మాట మీద ఆగండి. మన జాలి ఎక్కువగా ఆగిపోయేది అక్కడే.

ఈ కథ జరిగే యెరూషలేము–యెరికో దారి గురించి కొంచెం తెలుసుకోవడం కూడా అవసరం. యెరూషలేము సముద్రమట్టానికి సుమారు 750 మీటర్ల ఎత్తున ఉంటే యెరికో సముద్రమట్టానికి సుమారు 250 మీటర్ల దిగువన ఉంది. పాతిక కిలోమీటర్ల పైచిలుకు దారిలో వెయ్యి మీటర్ల దిగుడు. శవాన్ని ముట్టుకుంటే మైలపడి ఆలయ సేవకు పనికిరాకుండా పోతాడని యాజకుడు తప్పుకున్నాడని తరచూ వింటాం. కానీ మూల గ్రీకులో యాజకుడు "దిగి వెళ్తున్నాడు" అనే ఉంది. అంటే యెరూషలేము నుంచి వస్తున్నాడు, ఆలయానికి వెళ్లడం లేదు. కొన్ని అనువాదాల్లో ఈ "దిగి" కనబడదు. రెండు అనువాదాలు పక్కపక్కన పెట్టుకోమనేది ఇందుకే. యాజకుడు ఎందుకు తప్పుకున్నాడో కథ చెప్పలేదు. మనం కారణం అతికించామంటే అతనికి కాదు, మనకే సాకు దొరుకుతుంది.

చోటుంటే కథను లేచి నడిచి చూడటం మేలు చేస్తుంది. వేషాలు, సంభాషణలు వద్దు, ఎవరెక్కడ నిలబడ్డారో, ఎప్పుడు ఎటు కదిలారో అంతే. యేసు పాత్ర ఎవరికీ ఇవ్వకండి. ఆయన మాటలను ఒకరు వచనంలో ఉన్నవి ఉన్నట్టు చదివితే చాలు, లేకపోతే నాటకం నడిపేవాడి ఉపదేశం ఆయన నోట్లో పడుతుంది. సమరయుడి కథలో అందరూ సమరయుడి పక్కనే నిలబడాలనుకుంటారు. ఒక్కసారి అందరినీ గాయపడ్డవాడి చోట కూర్చోమనండి. ఎవరి సాయం తీసుకోవాలో ఎంచుకునే వీలు అతనికి లేదు. మనం ఎవరి చేతి సాయం తీసుకోవడానికి ఒప్పుకోం? ఈ ప్రశ్న తర్వాత గదిలో మౌనం ఉంటుంది. దాన్ని పూడ్చడానికి తొందరపడకండి. మనసులో పది దాకా లెక్కపెట్టండి.

ఇప్పుడు నిర్ణయం. చివరి అరగంట దీనికే. ప్రతి ఒక్కరూ ఒక్కటంటే ఒక్క వాక్యం రాయాలి: ఏం చేస్తాను, ఎవరితో, ఎప్పటిలోగా. "అందర్నీ ప్రేమిస్తాను", "ప్రార్థనలో ఎదుగుతాను", "మంచి సాక్ష్యంగా ఉంటాను" అన్నవి ఇక్కడ చెల్లవు. చేశారో లేదో చెప్పలేని పని చేయనట్టే. "మాటలు లేని అన్నకు శనివారంలోగా ఫోన్ చేసి ముందు నేనే పలకరిస్తాను" అన్నది చెల్లుతుంది. అన్న బాగా మాట్లాడాలన్నది చెల్లదు, అది మన చేతిలో లేదు. పని నా చేతుల్లో ఉండాలి, ఏడు రోజుల్లో అయ్యేది కావాలి, ఈ కథలో ఫలానా వచనం నుంచి పుట్టిందని చూపించగలగాలి. కథతో సంబంధం లేని మంచిపని మంచిపనే, కానీ దాన్ని ఈ లెక్కలో వేయొద్దు. వేస్తే ఏ కథకైనా "రోజూ బైబిలు చదువుతాను" అన్న ఒకే జవాబు వస్తుంది.

ఎక్కువగా దెబ్బతీసేది ఆరంభశూరత్వం. కదిలిపోయిన మనసుతో పెద్దపెద్ద మాటలు రాస్తారు. మూడో రోజుకు భయం, ఆరో రోజుకు సిగ్గు, ఏడో రోజున కూడికకే రారు. సమరయుణ్ణి మళ్లీ చూడండి. అతను తన ప్రయాణం మానలేదు. ఒక రాత్రి దగ్గరుండి చూశాడు, రెండు దేనారాలిచ్చాడు, పనిని పూటకూళ్లవాడికి అప్పగించాడు, మళ్లీ వస్తానన్నాడు. మత్తయి 20:2 ప్రకారం దేనారం ఒక రోజు కూలి, అంటే అతనిచ్చింది రెండు రోజుల కూలి. హద్దున్న సాయం, ఇంకొకరి తోడు, మళ్లీ వచ్చి చూసుకుంటానన్న మాట. డబ్బుతో కూడిన నిర్ణయాలకు కొత్త గుంపు ఇదే కొలత పెట్టుకోవచ్చు: రెండు రోజుల సంపాదన దాటకూడదు. అప్పు తెచ్చి ఇవ్వడం, పూచీకత్తు సంతకం పెట్టడం ఈ పద్ధతిలో నిర్ణయాలుగా తీసుకోకూడదు.

కొన్ని కథలు ఒంటరిగా చేయగలిగిన పనిని చూపించవు. మార్కు 2లో మంచానికి నాలుగు మూలలా మనుషులు కావాలి. యేసు చూసింది కూడా "వారి" విశ్వాసాన్ని. ఈ కథ చదివిన వారం ఒక్కొక్కరు ఒక్కో వాక్యం రాయకుండా గుంపంతా కలిసి ఒకే పని ఎంచుకోండి. ఎవరిని ఎక్కడికి చేర్చాలి, దారికి అడ్డమేమిటి, కప్పు తవ్వడం అంటే ఇక్కడ ఏమిటి, తవ్వినదాన్ని ఎవరు బాగుచేస్తారు? చివరి ప్రశ్నను మర్చిపోయే గుంపులు ఇతరుల ఇల్లు పాడుచేస్తాయి.

జక్కయ్య కథ దగ్గర లెక్కల తకరారు వస్తుంది. అతను ఆస్తిలో సగం పేదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. ఒక్క అధ్యాయం ముందు, లూకా 18:22లో, ఇంకో ధనవంతుడికి ఉన్నదంతా అమ్మమన్న మాట ఉంది. మరి సగమా, మొత్తమా? ఈ రెండు కథలనూ లూకా దగ్గర దగ్గరగా పెట్టాడు. పక్కపక్కన చదివిన గుంపుకు అంకెను నకలు కొట్టడం విధేయత కాదని తెలుస్తుంది. ఒకడు చేతిలో ఉన్నదాన్ని వదల్లేక దుఃఖంతో మిగిలిపోయాడు. ఇంకొకడు ఎవరూ అడగకుండానే లెక్క తేల్చడం మొదలుపెట్టాడు. ధర్మశాస్త్రం కూడా పరిహారాన్ని రకరకాలుగా కొలిచింది: సంఖ్యాకాండం 5:7లో అసలుకు అయిదో వంతు కలిపి ఇవ్వాలి, నిర్గమకాండం 22:1లో దొంగిలించిన గొర్రెకు నాలుగు, ఎద్దుకు అయిదు. ఈ కథకు పనికొచ్చే ఇంటిపని: తిరిగి ఇవ్వాల్సినవాటి జాబితా ఎవరికివారు ఒంటరిగా రాయాలి. తెచ్చి ఇవ్వని పుస్తకం, ఎగ్గొట్టిన కూలి, ఇంకొకరి కష్టానికి తాను కొట్టేసిన పేరు. ఎవరికీ చూపించనక్కర్లేదు. అందులో ఒక్కటి ఎంచుకుని వారంలో తీర్చాలి. డబ్బయితే అయిదో వంతు కలిపి ఇవ్వమనే మా సలహా. పేరయితే, దాన్ని ఎక్కడ కొట్టేశారో అక్కడే నలుగురి ముందు తిరిగివ్వాలి.

సాయం చేసే తీరును, విధవరాలైన రూతు పరిగె ఏరుకున్న పొలం యజమాని బోయజు నుంచి నేర్చుకోవాలి. పొలం అంచుల్ని కోయకుండా, రాలిన పరిగెను ఏరకుండా పేదలకు వదలాలన్నది లేవీయకాండం 19:9–10. రూతు 2:15–16లో బోయజు ఒక అడుగు ముందుకేసి, పనల మధ్య కూడా ఏరుకోనివ్వండి, పిడికెళ్ల కొద్దీ కావాలనే వదిలేయండి, ఆమెను గద్దించకండి అని పనివాళ్లకు చెప్పాడు. చెప్పింది పనివాళ్లకు. ఆ మాట రూతుకు చెప్పినట్టు కథలో లేదు. అందుకే సాయం చేస్తూ ఫొటో తీయడం, పేరు పెట్టి గుంపులో చెప్పడం రెండూ వద్దు.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. కథలో ఉందంటే చేయమని అర్థం కాదు. గెలిచి వస్తే తన ఇంటి నుంచి ఎదురొచ్చినదాన్ని బలిస్తానన్న యెఫ్తా మొక్కుబడి (న్యాయాధిపతులు 11) అనుకరించడానికి రాసింది కాదు. గిద్యోను గొర్రె బొచ్చు పరచి గుర్తు అడగకముందే దేవుడు అతనితో స్పష్టంగా మాట్లాడాడు (న్యాయాధిపతులు 6:14–16). గొర్రె బొచ్చు నిర్ణయాలు తీసుకునే యంత్రం కాదు. చెప్పినవాడు ఏ మాట అనకపోయినా తర్వాతి కథ తీర్పు చెబుతుంది. ఆదికాండం 27లో తండ్రిని మోసగించిన యాకోబు 29లో మామ చేతిలో మోసపోయాడు. రాజైన దావీదు ఇంకొకరి భార్య బత్షెబను తెప్పించుకున్న కథలో తీర్పు 2 సమూయేలు 11వ అధ్యాయం చిట్టచివరి వచనం దాకా రాదు. అంతవరకూ ఓపిక పట్టని పాఠకుడు ఏం నేర్చుకుంటాడో ఊహించండి.

స్వస్థత కథ చదివి "మందులు మానేస్తాను" అని ఎవరైనా రాస్తే ఆ వాక్యాన్ని గుంపు ఒప్పుకోకూడదు. అలాగే క్షమాపణ కథలు. ఇంట్లో దెబ్బలు తింటున్న మనిషి ఆ గుంపులోనే, ఏమీ చెప్పకుండా, కూర్చుని ఉండవచ్చు. ఆదికాండం 16:9లో, యజమానురాలి దగ్గరి నుంచి పారిపోయిన దాసి హాగరును తిరిగి వెళ్లమన్న మాటను పట్టుకుని, అలాంటి మనిషిని కొట్టేవాడి దగ్గరికి పంపే హక్కు ఏ గుంపుకూ లేదు. 21వ అధ్యాయంలో అదే హాగరు ఆ ఇంటి బయట, అరణ్యంలో ఉంది, దేవుడు అక్కడే ఆమె బిడ్డ మొర విన్నాడు. అన్నలే అమ్మేసిన యోసేపు కథ ఇంకా వివరంగా చెబుతుంది. అన్నలు కనబడగానే అతను తనెవరో చెప్పలేదు. 42 నుంచి 44 దాకా మూడు అధ్యాయాలు వాళ్లు మారారో లేదో చూశాడు. తమ్ముడి బదులు తాను బానిసగా ఉంటానని అన్నల్లో ఒకడైన యూదా అన్నాకే (44:33) అతను తనెవరో బయటపెట్టాడు. కక్ష వదిలేయడం వేరు, మళ్లీ నమ్మడం వేరు. ఎవరి భద్రత ప్రశ్నలో ఉందో వాళ్ల నిర్ణయం గుంపు చేతిలో పెట్టకండి. ముందు వాళ్లు క్షేమంగా ఉండే చోటు, ఆ పని తెలిసిన మనిషి కావాలి.

మూడో కూడిక. చాలా గుంపులు దీన్ని ఎగ్గొట్టి కొత్త కథకు వెళ్లిపోతాయి. మొత్తం పద్ధతిలో అసలు ఫలితం చేతికొచ్చేది ఇక్కడే. మొదటి అరగంట ఒక్కొక్కరూ మూడు జవాబుల్లో ఒకటి చెబుతారు: చేశాను, సగం చేశాను, చేయలేదు. మెచ్చుకోలు, ఓదార్పు, సలహా ఏవీ వద్దు. చేయనివాళ్లను ఒక్కటే అడగాలి: ఎక్కడ ఆగింది? సమయం దొరకలేదంటే పని పెద్దదయిందని అర్థం, సగానికి కోయండి. భయమేసిందంటే తోడుగా ఒకరు వెళ్లాలి. వరుసగా మూడు వారాలు ఆగిపోతే ఆ పనిని పక్కన పెట్టేయాలి, మనిషిని కాదు. దానం కుడిచేయి చేసినది ఎడమచేతికి తెలియకుండా ఉండాలన్న మత్తయి 6:3 ఉంది కనుక డబ్బు విషయంలో "చేశాను" అన్న మాట చాలు, ఎంతో, ఎవరికో చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాత అదే కథను మళ్లీ చదవండి. పని చేసి వచ్చినవాళ్లు కొత్త మాటలు వింటారు. తిట్లు తినడానికి సిద్ధపడి ఫోన్ చేసినవాళ్లకు "దగ్గరికి వెళ్లాడు" ఎంత దూరమో ఇప్పుడు తెలుసు. చేయలేకపోయినవాళ్లకు యాజకుడి మీద కోపం తగ్గి, అతని పక్కన తాము నిలబడి ఉన్నామని కనబడుతుంది. వాళ్లు ఆ మాట పైకి అంటే గుంపుకు అది చేసినవాళ్ల సాక్ష్యం కంటే తక్కువ కాదు. ఇందుకోసం ఒక నోట్‌బుక్ పెట్టుకోండి, పేజీకి ఒక కథ: వచన సంఖ్యలు, క్రియల జాబితా, ఒక్కొక్కరి వాక్యం, ఎదురుగా మూడు జవాబుల్లో ఒకటి. అది గది దాటకూడదు.

నడిపేవాళ్లు ప్రతి కథకూ మారాలి, మాట్లాడే సమయంలో అయిదో వంతు దాటి మాట్లాడకూడదు. ఎక్కువ తెలిసినవాళ్లు నడిపితే అందరూ ప్రశ్నకు కాకుండా వాళ్ల ముఖానికి జవాబు చెబుతారు. గుంపులో పాస్టరు ఉంటే ఆఖరున మాట్లాడమని ముందే అడగాలి, నొచ్చుకోరు. అంతా తానే మాట్లాడేవాళ్లకు కూడికలో కాక బయట, విడిగా చెప్పాలి.

ఇక మీకు మా విన్నపం. ఆధ్యాత్మిక పేజీలో బైబిలు కథ వేసినప్పుడు పుస్తకం పేరు, అధ్యాయం, మొదటి వచనం, చివరి వచనం తప్పకుండా వేయండి. మూలంలో లేని సంభాషణలు, రంగులు కలపొద్దని రాసేవాళ్లకు చెప్పండి. నీతి వాక్యం ఉండే చోట ఒక ప్రశ్న వేయండి, కథలోంచే పుట్టిన ప్రశ్న. ఉదాహరణకు సమరయుడి కథ కింద "పూటకూళ్లవాడు ఒప్పుకోకపోతే?" అని. కుదిరితే అదే కథను వరుసగా మూడు వారాలు వేయండి. కత్తిరించి దాచుకుని, ఎక్కడో అయిదుగురు గుండ్రంగా కూర్చుని చదువుకుంటారు.

ఇట్లు,
బైబిలు అధ్యయన గుంపులు నడిపే కొందరు పాఠకులు